నిద్ర లేచిన ల్యాప్‌టాప్

పలమనేరు పక్కన మా గంగవరంలో కరెంటు కాసేపు ఎక్కువ పోయిందంటే, సాయంత్రానికి ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ పట్టుకుని మా గడప ఎక్కుతారు. పోయిన వారం పక్క వీధి అమ్మాయి వచ్చింది. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తోంది. ‘‘అన్నా, కరెంటు వచ్చాక ఆన్ చేస్తే తెరిచిన ఫైళ్లన్నీ తెరిచినట్టే ఉన్నాయి. వైఫై గుర్తే కనిపించడం లేదు. ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నారు’’ అంది. వాళ్ల నాన్న ఫోనులో అదే వైఫై వస్తోందా అని అడిగాను. వస్తోందంది. అంటే రౌటర్ బాగానే ఉంది. సగం చిక్కు అక్కడే విడిపోయింది.

పొలంలో బోరు మోటారు ఆగితే ముందు ఫ్యూజు చూస్తాం, తర్వాత స్టార్టరు చూస్తాం. మొదటే మోటారును బోరులోంచి పైకి లాగం. ఫార్మాట్ కొట్టడమంటే మోటారు పైకి లాగడమే.

బ్యాటరీ అడుగంటడంతో ఆ ల్యాప్‌టాప్ హైబర్నేట్‌లోకి వెళ్లింది. మామూలు స్లీప్‌లో ర్యామ్‌కు కాస్త కరెంటు అందుతూనే ఉంటుంది. హైబర్నేట్‌లో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసిపెట్టి, మిషను పూర్తిగా ఆరిపోతుంది. లేచాక ఆ రాసిందంతా తిరిగి ర్యామ్‌లోకి ఎక్కించుకుంటుంది. వైఫై కార్డుకు ఆ వీలు లేదు. చాలా కార్డుల్లో డ్రైవర్ ఎక్కించిన ఫర్మ్‌వేర్ కరెంటుతోపాటే పోతుంది. లేచిన డ్రైవర్ దాన్ని మళ్లీ ఎక్కించాలి. ఆ పని తప్పితే డ్రైవర్ పిలుస్తూనే ఉంటుంది, కార్డు పలకదు.

డివైస్ మేనేజర్‌లో కార్డును డిజేబుల్ చేయించి, పది లెక్కపెట్టి ఎనేబుల్ చేయమన్నాను. ఇంటి వైఫై పేరు కనిపించింది. లినక్స్‌లోనైతే ముందు ఆర్‌ఎఫ్‌కిల్‌తో రేడియో ఆగి ఉందేమో చూసి, మోడ్‌ప్రోబ్‌తో డ్రైవర్‌ను దించి మళ్లీ ఎక్కిస్తాం.

‘‘నేనూ షట్‌డౌన్ చేసి మళ్లీ వేశాను కదన్నా?’’ అంది. మంచి ప్రశ్న. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినా సిస్టమ్ తన కెర్నల్‌ను, డ్రైవర్లను ఉన్నవున్నట్టు డిస్కులో దాచుకుని మళ్లీ అవే తెస్తుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి.

వైఫై గుర్తు కనిపించిందని అక్కడ ఆపలేదు. కావాలనే హైబర్నేట్ చేసి లేపాం. వైఫై మళ్లీ పోయింది. రోగం చేతికి చిక్కింది. కార్డును మేల్కొలిపి, ఆ మోడల్‌కు వచ్చిన కొత్త డ్రైవర్ డౌన్‌లోడ్ చేసి వేశాం. ఇంకేదీ ముట్టుకోలేదు. మూడుసార్లు నిద్రపుచ్చాం, మూడుసార్లూ వైఫై దానంతటదే వచ్చింది. ఆ అమ్మాయి తేదీ వేసి, చేసిన మార్పును నోటుబుక్కులో రాసుకుంది. మార్చింది ఒక్కటే గనుక, ఏది పనిచేసిందో ఆమెకు ఇప్పుడు తెలుసు. ఈసారి వైఫై పోతే నా దాకా రానక్కర్లేదు.