మేకు ఎరుగని పడవ

తటలా అనే పడవ ఫోటో చూసినవాళ్ల చూపు ముందు దాని కళ్లమీదే నిలుస్తుంది. పడవ రెండు కొనల దగ్గరా ఎరుపు, తెలుపు, నలుపు వలయాలు, వాటి చుట్టూ సూర్యకిరణాల్లాంటి పళ్లు. అందమే, కాదనను. ఎర్రమట్టి, కాల్చిన గవ్వల సున్నం, మసి కలిసి తెచ్చిన అందం. అసలు పనితనం మాత్రం ఆ రంగు కింద, చెక్కా చెక్కా కలిసే అంచులో ఉంది.

తైవాన్‌కు ఆగ్నేయాన లాన్యూ అనే చిన్న దీవి. అక్కడి తావో జనం ఎగిరే చేపల వేటకు కట్టుకునే పడవ ఇది. దుంగను తొలిచింది కాదు. ఒకరిద్దరు ఎక్కే చిన్నదానికే 21 చెక్కలు కావాలి, పదిమంది తెడ్లు వేసే పెద్దదానికి 27. అడుగుభాగం రాళ్లకు ఒరుసుకుంటుంది కనుక అక్కడ గట్టి కర్ర, పైకి పోయేకొద్దీ తేలికైనది. అందుకే పడవ పని అడవిలో మొదలవుతుంది. కుటుంబం గుర్తు వేసి తండ్రి కాపాడిన చెట్టు కొడుక్కి పడవ అవుతుంది.

కాగితం మీద గీసుకున్న పటమేదీ ఉండదు. చెక్కను వంచరు, వంపును గొడ్డలితోనే చెక్కి తీస్తారు. ఒక అంచుకు రంధ్రాలు పెట్టి, ఎదుటి అంచుకు సరిగ్గా ఆ చోట్లనే పెట్టి, మల్బరీ కర్ర చీలలు దిగ్గొడతారు. సందుల్లో పీచు కూరుతారు. ఇనుప మేకు ఒక్కటీ లేదు. చీలలన్నీ చెక్కల లోపలే ఉండిపోతాయి, బయటికి కనిపించవు.

చెక్కడాలున్న పడవను నీళ్లలోకి దించాలంటే చామదుంపలు కుప్పలుగా కావాలి, పడవను కప్పేసేంత. వాటిని ఇంటి ఆడవాళ్లు ఏళ్ల ముందునుంచే పెంచుతారు. ఆ రోజు మగవాళ్లు పిడికిళ్లు బిగించి, కళ్లురిమి దుష్టశక్తులను బెదిరించి, పడవను గాల్లోకి ఎగరేస్తారు. వడ్రంగం ఎక్కడ ముగిసిందో, వ్యవసాయం ఎక్కడ మొదలైందో నాకైతే అంతు చిక్కదు.

ఇప్పుడు దీవిలో మోటారు పడవలున్నాయి. అయినా తైవాన్‌లో చదువుకున్న రచయిత స్యామన్ రపోంగన్ 1989లో దీవికి తిరిగివచ్చి, చెట్టు ఎంచడం దగ్గరనుంచి పడవ కట్టడం దాకా తండ్రి వెంట ఉండి నేర్చుకున్నారు. అలా నేర్చుకునే కొడుకులున్నంత కాలమే ఈ విద్య.

ఏ మ్యూజియంలోనైనా తటలా ఎదురైతే, కళ్లు చూశాక కాస్త వంగి లోపలి అతుకులు కూడా చూడండి.