తెలిసిన నాటి ప్రశ్న: బాలచంద్రుడు, కర్ణుడు, ప్రవాస దత్తపుత్రిక

తెలుగునేలపై పుట్టి, దత్తతపై దేశాంతరం వెళ్లి, కౌమారంలో ఆ సంగతి తెలుసుకొన్న ఆడపిల్ల తన మూలాలకై సాగించే అన్వేషణను విమర్శ సాధారణంగా రెండు మాతృత్వాల నడుమ పోటీగా చదువుతుంది. కన్నతల్లి పక్షమా, పెంచినతల్లి పక్షమా అన్న తూకమే అక్కడ ప్రధానమవుతుంది. పేగుబంధం, పెంపకం అన్న జంటపదాలు కూడా ఈ తూకానికే అలవాటు పడ్డాయి. ఆ బిడ్డకు నిజం ఎవరి నోట, ఏ సందర్భంలో తెలిసిందన్నది మాత్రం కథకు ఒక మలుపుగా మిగిలిపోతుంది. ఆమె తరువాతి అన్వేషణ స్వభావాన్ని నిర్ణయించేది ఆ మలుపేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు పల్నాటి వీరచరిత్రలోని బొంగరాల ఆట ఘట్టం మంచి ప్రవేశద్వారం.

బాలచంద్రుడు దత్తుడు కాడు. బ్రహ్మనాయుడికి ఐతాంబ కన్న కొడుకు. కనుక ఇక్కడ చూడదగినది జన్మరహస్యం కాదు, దాపరికం పనిచేసే తీరు. కోడిపోరులో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్ల ప్రవాసానికి వెళ్లింది. గడువు తీరినా రాజ్యభాగం దక్కక, పెద్దలు కారెంపూడి కదనరంగానికి చేరారు. బాలుడు మాత్రం మేడపిలో, యుద్ధవార్త చెవిన పడని ఇంట్లో ఉన్నాడు. ఆ దాపరికంలో ద్వేషం లేదు. కొడుకును దక్కించుకోవాలన్న ఆరాటమే ఉంది. వీధిలో ఆడుతుండగా అతని బొంగరం ఒక కోమటి స్త్రీ కాలికి తగిలింది. బాధతో ఆమె, తండ్రీ బంధువులూ రణరంగంలో ఉండగా బొంగరాలాడుకొంటున్నావా అని ఎత్తిపొడిచింది. ఇంటివారంతా కలిసి కాపాడిన రహస్యం, ఏ సంబంధమూ లేని మనిషి నోట క్షణంలో బయటపడింది.

శ్రీనాథుని పేర మంజరీ ద్విపదలో నిలిచిన పాఠాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించిన నాటినుంచి, ఈ ఘట్టాన్ని వీరోద్దీపనంగా వ్యాఖ్యానించడమే పరిపాటి. అది కాదనలేనిదే కాని, అంతటితో ఆగితే ఘట్టంలోని సున్నితమైన భాగం జారిపోతుంది. బాలుడు నేరుగా యుద్ధానికి పోడు. మొదట ఇంటికి వస్తాడు, తల్లిని అడుగుతాడు. వీధిలో విన్నది నిజమని తల్లి నోట వినేవరకు అతనికి అది నిందే, ఇంకా నిజం కాలేదు. ఐతాంబ అతణ్ని ఆపజూస్తుంది, మాంచాల దగ్గరికి పంపుతుంది. చివరకు మాంచాలే కత్తి చేతికిచ్చి సాగనంపుతుంది. దాచినవారిలో ఒకరు తెలిసిన తరువాత తోడుగా నిలబడగలిగితేనే, తెలుసుకొన్నవాడి ప్రయాణం పారిపోవడం కాకుండా ఉంటుంది.

ఇదే వెలుగులో కర్ణుణ్ని చూస్తే వ్యత్యాసం స్పష్టమవుతుంది. ఆదిపర్వంలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శన వేళ కృపాచార్యుడు కర్ణుని కులగోత్రాలు అడుగుతాడు. అతను తల వంచుకొంటాడు. దుర్యోధనుడు అంగరాజ్యం కట్టబెట్టిన వెంటనే అధిరథుడు సభలోకి రాగా, అభిషేకజలంతో తడిసిన తలతోనే కర్ణుడు పెంచిన తండ్రికి మొక్కుతాడు. భీముడు దాన్ని చూసి సూతపుత్రుడంటూ ఎగతాళి చేస్తాడు. ప్రశ్న ఇక్కడా బయటివారి నోటనే వచ్చింది. అయితే ఇంటికి వెళ్లి అడగడానికి కర్ణునికి తల్లి లేదు. కన్నది ఆ సభలోనే ఉండి మౌనం వహించింది. ఉద్యోగపర్వంలో కృష్ణుడు, ఆపై కుంతి నిజం పలికేసరికి యుద్ధం గుమ్మంలో ఉంది. అప్పుడు చెప్పినది సత్యమే అయినా రాయబారంలో భాగం. అవసరం కొద్దీ వెలువడిన సత్యం. కర్ణుడు దాన్ని స్వీకరించకపోవడంలో పౌరుషం కన్నా ఈ స్పృహే ఎక్కువగా పనిచేసింది. వ్యాసుని మూలంలో అతను రాధ స్తన్యాన్ని, తన మలమూత్రాలను శుభ్రం చేసిన ఆమె చేతులను తలచుకొంటాడు. అధిరథుడు చేయించిన జాతకర్మను, పెట్టిన పేరును తలచుకొంటాడు. కౌంతేయుడని తెలిసిన తరువాతా రాధేయుడిగానే నిలబడతాడు. పెంపకం పక్షాన ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు. కాని ఇది ఎంపిక మాత్రమే, అన్వేషణ కాదు. కుంతిని కర్ణుడు నిందిస్తాడు, వరమిస్తాడు. ఆమె ఆ పసివాణ్ని నీటిలో వదిలిన నాడు ఏమి అనుభవించిందో మాత్రం అడగడు.

ఆ ప్రశ్న అడిగే ఆడపిల్ల మన సాహిత్యంలోకి ఆలస్యంగా రావడానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. సంప్రదాయ ధర్మశాస్త్రంలో దత్తత ప్రధానంగా కొడుకు కోసం: పిండోదకాలకు, వారసత్వానికి. ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి స్పష్టమైన వీలు కల్పించింది 1956 నాటి హిందూ దత్తత, భరణాల చట్టమే. దత్తపుత్రుడన్న మాట నలిగినంతగా దత్తపుత్రిక అన్న మాట నలగలేదు. ఇక ఆ చట్టం పరిధిలోకి రాని విదేశీ దంపతులు చాలాకాలం 1890 నాటి సంరక్షకుల చట్టం కింద బిడ్డను పొంది, తమ దేశంలో దత్తత పూర్తి చేసుకొనేవారు. ఇక్కడి కోర్టు దస్త్రంలో ఆమె కూతురు కాదు, సంరక్షణలో ఉన్న మైనరు. లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1984లో నియమాలు నిర్దేశించిన తరువాతే ఈ ప్రక్రియకు ఒక కట్టుబాటు ఏర్పడింది.

కట్టుబాటు ఉన్నా అక్రమాలు ఆగలేదు. 1999, 2001 సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శిశువుల విక్రయాల ఉదంతాలు బయటపడ్డాయి. నల్లగొండ జిల్లా లంబాడీ తండాల ఆడశిశువులు వాటి కేంద్రంగా ఉన్నారు. దక్షిణ తెలంగాణ తండాలలో ఆడపిల్లలను వదులుకోవడంపై గీతా రామస్వామి, భంగ్యా భూక్యా చేసిన అధ్యయనం ఈ స్థితిని ఆ సమాజం లోపలినుంచి చూపింది. పేదరికం, అధిక సంతానం, ఆడపిల్ల కావడం వంటి కారణాలతో శిశువును వదులుకోవడాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2001లో నిషేధించింది. అంతకుముందే దేశం దాటిన పసికందులు 2010 దశకంలో పదహారు, పదిహేడేళ్ల వారయ్యారు. వారిలో ఒకరు తెలుగు మూలాల కోసం వెతికితే, దొరికే తల్లి మాట తెలుగు కాకపోవచ్చు. మాచర్ల, వెల్దుర్తి ప్రాంతాల తండాల్లోనూ వినిపించే గోర్‌బోలీ కావచ్చు. ‘తెలుగు బిడ్డ’ అన్న గుర్తింపు కూడా ఆమెకు పెంపకం వల్ల, లేదా దస్త్రం వల్ల వచ్చినదే అవుతుంది. ప్రవాస సాహిత్య విమర్శ భాషను మూలానికి మారుపేరుగా వాడేటప్పుడు ఈ చిక్కును పట్టించుకోవలసి ఉంది.

తెల్లజాతి దంపతుల ఇంట పెరిగిన పిల్లకు అద్దమే మొదటి సాక్షి. దత్తత సంగతి దాచడం అక్కడ సాధ్యం కాదు, దాచగలిగేది పుట్టుక వివరాలనే. ప్రవాస తెలుగు దంపతుల ఇంట పెరిగిన పిల్ల విషయంలో రంగు, పేరు, భాష అన్నీ దాపరికానికి సహకరిస్తాయి. పైగా ఇంటిపేరు, ఊరు, గోత్రం అడగడమే పరిచయంగా చెలామణి అయ్యే సమాజం కనుక, ఆ మూడింటికీ ఆమె దగ్గర సిద్ధంగా జవాబులుంటాయి. నిజం తెలిసిన రోజున ఒక్క తల్లి గురించే కాదు, అప్పటిదాకా అప్పజెప్పిన ఆ జవాబులన్నిటి గురించీ సందేహం పుడుతుంది. ఈ దంపతులది ఐతాంబ స్థితి. ఎక్కడో ఒక వివాహవేడుకలో బంధువు తొందరపాటు మాట చాలు, బొంగరం ఎవరో ఒకరి కాలికి తగులుతుంది.

ఈ స్థితిని వేరే దారిలో నడిపిన కృతి, తెలుగువారు ‘అమృత’ పేరుతో చూసిన మణిరత్నం తమిళ చిత్రం (2002). శ్రీలంక నుంచి కాందిశీకురాలిగా వచ్చిన తల్లి రామేశ్వరంలో ప్రసవించి వదిలి వెళ్లిన పాప కథ అది. ఆమె ఇంకా కౌమారానికి రాలేదు, తొమ్మిదేళ్ల పిల్ల; అయినా ప్రశ్న అదే. ఇక్కడ నిజం వీధిలో ఎవరో అన్నది కాదు, పుట్టినరోజున పెంచినవారే చెప్పినది. అందుకే ఆ పిల్ల కోపం, పారిపోవడం, మొండితనం అన్నీ ఆ ఇంటి చుట్టూనే తిరుగుతాయి. చివరకు ఆమెను శ్రీలంకకు తీసుకువెళ్లేది కూడా పెంచినవారే. కన్నతల్లి ఎదుట పడ్డప్పుడు పిల్ల అడిగే ప్రశ్నలకు నిండైన జవాబులు రావు. తల్లి యుద్ధానికే తిరిగి వెళుతుంది. యుద్ధం తల్లిని దూరం చేయడంలోని రాజకీయాన్ని చిత్రం భావోద్వేగంలో కొంత కరిగించిందన్న అభ్యంతరం సమంజసమే. అయినా కర్ణుడు అడగని ప్రశ్నను ఒక ఆడపిల్ల అడగడం, అడిగేవేళ పెంచినతల్లి పక్కనే నిలబడటం ఈ కృతి సాధించినవి.

ప్రస్తుత దత్తత నిబంధనలు ఈ కథనరూపాన్ని తెలియకుండానే అనుసరిస్తున్నాయి. మూలాల అన్వేషణకు 18 ఏళ్లు నిండినవారు స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. అంతకన్నా చిన్నవారు దత్తత తీసుకొన్న తల్లిదండ్రులతో కలిసి చేసుకోవాలి. మూడో వ్యక్తి చేసే అన్వేషణకు అనుమతి లేదు. పదహారేళ్ల అమ్మాయికి సంబంధించినంతవరకు దీని అర్థం, ఐతాంబ సంతకం లేనిదే బాలచంద్రుడు కారెంపూడికి బయలుదేరలేడని. ఆ సంతకం తోడుగా పడిందా, అడ్డంకిగా మిగిలిందా అన్నది మళ్లీ మొదటి రోజు మీదనే ఆధారపడుతుంది: ఇంట్లో చెప్పారా, వీధిలో విన్నదా అన్నదాని మీద. కన్నతల్లి తన వివరాలు వెల్లడించడానికి నిరాకరిస్తే, లేదా ఆమె ఆచూకీ దొరకకపోతే, బిడ్డను వదులుకొన్న పరిస్థితులనూ కారణాలనూ ఆ బిడ్డకు తెలియజేయాలని కూడా నిబంధన చెబుతోంది. కుంతిని కర్ణుడు అడగకుండా వదిలిన ప్రశ్నకు జవాబు అక్కడ ఒక కాగితం రూపంలో రావచ్చు. తండాలోని ఆ తల్లి వేలిముద్ర వేసిన నాడు ఆ కాగితంపై ‘కారణం’ అన్నచోట ఎవరు, ఎవరి మాటల్లో రాశారన్నది వేరుగా పరిశీలించవలసిన విషయం.