ఆర్.ఎక్స్. 100: లోపలి తలుపు, బయటి తలుపు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడి సెక్టార్లలో పెరిగిన కుర్రవాళ్లలో యమహా ఆర్.ఎక్స్. 100 పేరు తెలియనివారు అరుదు. దాని ఉత్పత్తి 1996లోనే ఆగిపోయింది. అయినా పాత బండిని వెతికి, కొత్త బండి ధర పోసి కొనే కాలేజీ విద్యార్థులు భిలాయిలోనే కాదు, మన ఊళ్లలోనూ ఉన్నారు. అలాంటి ఇంజను మళ్లీ రాలేదని వారి వాదన. ఇందులో నిజమెంత? అభిమానాన్ని కాసేపు పక్కనపెట్టి, దాన్ని కేవలం ఒక యంత్రంగా పరీక్షించి చూద్దాం.

యమహా మోటారు కంపెనీ 1955లో పుట్టింది. (భిలాయి కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో మనకు ఒప్పందం కుదిరింది కూడా ఆ ఏడాదే.) కంపెనీ మొదటి బండి వై.ఎ.1, జర్మనీ వారి డి.కె.డబ్ల్యు. ఆర్.టి. 125 చూసి చేసినది. అనుకరణతో మొదలైనా అక్కడే ఆగిపోలేదు. 1960వ దశకంలో నూనెను పెట్రోలులో కలిపే అవసరం లేకుండా, విడిగా పంపుతో ఇంజనుకు అందించే ఏర్పాటు చేసింది. 1970వ దశకం మొదట్లో రీడ్ కవాటం తెచ్చింది. ఈ రెండూ ఉన్న ఆర్.డి. 350ను మనదేశంలో ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి రాజ్‌దూత్ 350 పేరుతో తయారుచేసింది. జపానులో 39 అశ్వసామర్థ్యం ఇచ్చిన ఆ ఇంజను, పెట్రోలు పొదుపు కోసం చేసిన మార్పులతో ఇక్కడ 30కి దిగింది. అయినా దాని దాహం తీరలేదు. 1985లో అదే సంస్థ తెచ్చిన చిన్న బండి ఆర్.ఎక్స్. 100.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒకసారి ఇంధనం మండుతుందని మీరు పాఠాల్లో చదివే ఉంటారు. రెండు స్ట్రోకుల ఇంజనులో ప్రతి చుట్టుకూ మండుతుంది. పైన కవాటాల సరంజామా ఉండదు. సిలిండరు గోడలోని రంధ్రాలను పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. అందుకే ఇంజను తేలిక. కానీ పిస్టను నడిపే తలుపుకు ఒక లోపం ఉంది. అది లోనికి రావలసినదాన్ని రానిస్తుంది, వచ్చినదాన్ని వెనక్కీ పోనిస్తుంది. రీడ్ కవాటం సరిచేసింది ఈ లోపాన్నే. హార్మోనియం రీడ్ల వంటి సన్నని రేకులు లోపల పీడనం తగ్గితే విచ్చుకుంటాయి, పెరిగితే మూసుకుంటాయి. మన గుండెలోని కవాటాలు చేసే పనే ఇది. ఫలితంగా 98 సి.సి. ఇంజను నిమిషానికి 7,500 చుట్ల వద్ద 11 అశ్వసామర్థ్యం ఇచ్చింది. ఆ ఏడాదే వచ్చిన హీరో హోండా సి.డి. 100 నాలుగు స్ట్రోకుల ఇంజను ఇంచుమించు అంతే పరిమాణంతో ఇచ్చింది సుమారు ఏడు. బండి బరువు చూస్తే నూరు కిలోలకు కాస్త అటూ ఇటూ. ఇంతవరకు ఆర్.ఎక్స్.ను మెచ్చుకోక తప్పదు.

అయితే రీడ్ కవాటం కాపలా కాసేది లోపలి తలుపును మాత్రమే. బయటి తలుపు సంగతేమిటి? కాలిన వాయువులు పోయే రంధ్రం ఇంకా తెరిచి ఉండగానే కొత్త మిశ్రమం సిలిండరులోకి వస్తుంది. అందులో కొంత, భోజనానికి వచ్చిన అతిథి విస్తరి ముందు కూర్చోకుండానే పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోయినట్టు, మండకుండానే బయటపడుతుంది. కార్బురేటరు ఉన్న ఇలాంటి ఇంజన్లలో ఈ నష్టం పాతిక శాతం దాకా, ఒక్కోసారి అంతకు పైనా ఉంటుంది. అంటే మీరు నాలుగు లీటర్లు పోయిస్తే ఒక లీటరు ఊరికే గాలిలో కలుస్తుంది.

దీనికి యమహా ఇంజనీర్లు పెట్టిన కాపలాదారు సైలెన్సరు. అది మొదట వెడల్పయి, తిరిగి సన్నబడుతుంది. బయటికి దూసుకెళ్లిన పీడన తరంగం ఆ సన్నబడే చోట పరావర్తనం చెంది వెనక్కి వచ్చి, తప్పించుకుపోయే మిశ్రమాన్ని సిలిండరులోకి నెడుతుంది. 7,500 చుట్ల వద్ద ఒక చుట్టు పట్టే కాలం సెకనులో 125వ వంతు. తరంగం ఆలోపలే వెళ్లి తిరిగి రావాలి. గొట్టం పొడవు, వాలు అందుకు తగినట్టు ఉంటేనే అది సాధ్యం. శబ్దం కోసం సైలెన్సరును కోయించే మిత్రులు మీకూ ఉండవచ్చు. వారు కోసేసేది ఆ కాపలాదారునే! మోత పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది, పెట్రోలు మరికొంత పారిపోతుంది. ఇక తక్కువ వేగంలో, సైలెన్సరు చక్కగా ఉన్నా, తరంగం సరైన సమయానికి రాదు. ఊళ్లో మనం నడిపేది ఎక్కువగా ఆ వేగంలోనే.

భిలాయి వారికి ఈ విషయం మరింత తేలికగా అర్థం కావాలి. 1959లో మొదలైన అక్కడి బ్లాస్ట్ ఫర్నేస్ పై నుంచి వచ్చే వాయువులో ఐదోవంతుకు మించి కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. అది విషమూ, ఇంధనమూ. కర్మాగారం దాన్ని ఆకాశంలోకి వదిలేయదు. దుమ్ము తీసి శుభ్రపరచి, కొలిమిలోకి పంపే గాలిని వేడిచేసే స్టవ్‌లలో మండిస్తుంది. నాన్నగారు డ్యూటీలో ప్రతి ఘనమీటరు వాయువుకు లెక్కచెప్తుంటే, ఇంటి ముందు కొడుకుగారి బండి పావువంతు పెట్రోలును అలాగే ఊదేస్తుంది.

తరువాతి బండ్లు ఈ లోపాన్ని తీర్చాయా? ఆర్.ఎక్స్. 100 సిలిండరు వ్యాసం 50 మి.మీ., స్ట్రోకు 50 మి.మీ. తరువాత వచ్చిన ఆర్.ఎక్స్. 135లో వ్యాసం 58కి పెరిగింది, స్ట్రోకు అలాగే ఉంది. లెక్కగట్టి చూడండి, 132 సి.సి. వస్తుంది. సామర్థ్యం నాలుగు గేర్ల రూపంలో 12, ఐదు గేర్ల రూపంలో 14. అంటే నూరు సి.సి.కి 11.2 నుంచి 9.1కి పడి, మళ్లీ 10.6కి లేచింది. అభిమానులు దీన్ని పతనమంటారు. నేను అలా అనను. 1996 నిబంధన ప్రకారం ద్విచక్ర వాహనం కిలోమీటరుకు వదలదగిన కార్బన్ మోనాక్సైడు 4.5 గ్రాములు. 2000లో అది 2 గ్రాములకు తగ్గింది. హద్దు ఇలా బిగుస్తుంటే ఇంజను పదును కొంత తగ్గించక తప్పదు. నా ఫిర్యాదు వేరు. సిలిండరు పెరిగింది, గేరు చేరింది, కానీ బయటి తలుపు మౌలికంగా మారలేదు. ఇరవయ్యేళ్ల ఆర్.ఎక్స్. చరిత్రలో అసలైన కొత్త ఆలోచన మొదటి బండితోనే వచ్చింది, అదీ ఆర్.డి. నుంచి తెచ్చుకున్నది. 2005 నాటికి ఈ వరుస ముగిసింది.

మీ వీధిలో ఆర్.ఎక్స్. ఉంటే, అది రోజూ స్టార్టయ్యే చోట సైలెన్సరుకు ఎదురుగా ఉన్న గోడను ఒకసారి పరిశీలించండి. నల్లని జిడ్డు మరక కనిపిస్తే వేలితో తాకి వాసన చూడండి. అందులో నూనె కనిపిస్తుంది. పెట్రోలు మాత్రం అప్పటికే గాలిలో కలిసిపోయి ఉంటుంది.