గడ్డల వెనుక వేలిముద్ర

ప్లేట్‌లెట్లు పడిపోతే రక్తస్రావం భయం. డెంగీ పుణ్యమా అని ఇది మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. అవి పడిపోతుండగానే మెదడు సిరల్లో రక్తం గడ్డ కడితే? 2021 మార్చిలో ఆస్ట్రాజెనెకా టీకా వేసుకున్న అతికొద్దిమందిలో యూరప్ వైద్యులు చూసింది ఇదే. మన కోవిషీల్డ్ కూడా ఆ టీకాయే. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో ఆండ్రియాస్ గ్రైనాఖర్ బృందం ఈ ముడి విప్పిన తీరు ముచ్చటగా ఉంటుంది.

రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ మందు ఇచ్చిన కొందరిలో, ప్లేట్‌లెట్లు వదిలే పీఎఫ్4 ప్రోటీన్ మీద యాంటీబాడీలు పుట్టి గడ్డలు తెస్తాయని ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. వీళ్లకు మాత్రం జబ్బు మొదలయ్యేనాటికి హెపారిన్ ఇవ్వలేదు. ఆరోగ్యవంతుల ప్లేట్‌లెట్లను కడిగి, రోగుల సీరం, పీఎఫ్4 కలిపారు. ప్లేట్‌లెట్లు రెచ్చిపోయాయి. హెపారిన్ ఎక్కువగా పోస్తే ఆగాయి. ప్లేట్‌లెట్ మీద యాంటీబాడీ తగులుకునే గ్రాహకాన్ని మూసేసినా ఆగాయి. దాతల రక్తంనుంచి తీసే యాంటీబాడీల మందు, ఇమ్యునోగ్లోబ్యులిన్ వేసినా అంతే. నాకు నచ్చింది ఈ ఆపడమే. రెచ్చగొట్టి చూపితే అనుమానం బలపడుతుందంతే, ఏ తలుపు మూస్తే ఆగుతుందో చూపితేనే దారి తెలుస్తుంది. ఇమ్యునోగ్లోబ్యులిన్ అయితే ఏకంగా చికిత్సే అయింది.

హెపారిన్ ఎందుకు ఆపింది? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు జవాబు చెప్పారు. పీఎఫ్4 గొలుసులోని అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా అలనీన్ అనే మరో అమైనో ఆమ్లంతో మార్చి, ఎక్కడ మారిస్తే యాంటీబాడీ పట్టు జారుతుందో చూశారు. తేలినవి 8 చోట్లు. అన్నీ హెపారిన్ కూర్చునే పీటలోనివే! పీట ముందే నిండితే యాంటీబాడీకి చోటేదీ?

అసలు మలుపు 2023లో వచ్చింది. టీకా లేదు, హెపారిన్ లేదు, అయినా నార్త్ కరోలినాలో అయిదేళ్ల బాబుకు అదే జబ్బు. ఉన్నదల్లా అడినోవైరస్ ఇన్‌ఫెక్షన్, మన జలుబుకూ కండ్లకలకకూ కారణమయ్యే కుటుంబంలోది. టీకాను మోసుకొచ్చిందీ చింపాంజీ అడినోవైరసే. జాక్వెలిన్ బాస్కిన్-మిల్లర్, స్టీఫన్ మోల్, థియోడర్ వార్కెంటిన్ దీన్ని బయటపెట్టారు.

మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్‌లో జింగ్ జింగ్ వాంగ్, టామ్ గోర్డన్ రోగుల రక్తంనుంచి ఆ యాంటీబాడీలను ఏరి, ముక్కలు చేసి, మాస్ స్పెక్ట్రోమెట్రీతో వాటి అమైనో ఆమ్లాల వరుస చదివారు. టీకా వల్ల జబ్బుపడ్డవాళ్లలోనూ వైరస్ వల్ల పడ్డవాళ్లలోనూ ఒకటే ముద్ర: ఐజీఎల్‌వీ3-21*02 జన్యువునుంచి వచ్చిన, యాంటీబాడీలోని తేలిక గొలుసు. వేలు అడినోవైరస్‌ వైపు తిరిగింది, కోవిడ్ స్పైక్ ప్రోటీన్ వైపు కాదు. అయితే ఆ జన్యురూపం చాలామందిలో ఉంటుంది, జబ్బు మాత్రం అరుదు. కాబట్టి ఒక్క జన్యువు మీద నెపం వేసి ఊరుకోవడానికి లేదు.

డాక్టర్లకు ఒక మాట: జ్వరం తర్వాత గడ్డలూ, తగ్గిన ప్లేట్‌లెట్లూ కలిసి కనిపిస్తే టీకా వేయలేదు కదా అని వదిలేయకండి. పీఎఫ్4 యాంటీబాడీకి ఎలైజా చేయించండి. హెపారిన్ వల్ల వచ్చే జబ్బుకోసం తయారైన త్వరిత పరీక్షలు దీన్ని తరచూ పట్టుకోలేవు.