లోను ఎవరి పేరు మీద ఉంది?

మన సినిమాల్లో, కథల్లో చదువు గొడవ దాదాపు ఎప్పుడూ ఇద్దరి మధ్యే నడుస్తుంది. కొడుక్కి ఒక కల ఉంటుంది. నాన్నకి ఒక పట్టుదల ఉంటుంది. రెండు గంటలు నాన్న అరుస్తాడు, చివరి అరగంటలో కరుగుతాడు. మనం కళ్ళు తుడుచుకుని బయటికొస్తాం. అదే ఇంట్లో మూడోవాడు ఒకడు కూర్చుని ఉన్నాడనీ, వాడికి నెలనెలా డబ్బు కట్టాలనీ ఈ కథలు చెప్పవు. ఆ మూడోవాడు బ్యాంకు. నేను మాట్లాడదామనుకున్నది వాడి గురించే.

అందరం చూసిన సినిమాతోనే మొదలుపెడదాం. 2009లో వచ్చిన 'త్రీ ఇడియట్స్'. ఫర్హాన్‌కి ఫొటోలు తియ్యాలని ఉంటుంది. రాజుకి ఇంట్లో మంచం పట్టిన తండ్రి, పెళ్ళి కావాల్సిన అక్క, చాలీచాలని డబ్బు. సినిమా చివరికొచ్చేసరికి ఇద్దరి సమస్యలూ ఒకే రోజు తేలిపోతాయి. రాజు క్యాంపస్ ఇంటర్వ్యూలో ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉద్యోగం తెచ్చుకుంటాడు. ఫర్హాన్ ఇంటికెళ్ళి నాన్నతో నిజం చెప్తాడు. ఆయన లాప్‌టాప్ తిరిగిచ్చేస్తే కెమెరా వస్తుందా అని అడుగుతాడు. నన్నడిగితే సినిమా మొత్తంలో గొప్ప క్షణం అదే. ఎందుకంటే అక్కడ ప్రేమ ఒక ధర రూపంలో బయటపడింది. కొడుకు చదువుకోవాలని ఇంట్లో ఉన్న ఒక్క ఏసీనీ వాడి గదిలో పెట్టించిన తండ్రి ఆయన.

నాకు ఇబ్బందల్లా రాజు దగ్గరే. ఇద్దరికీ సినిమా రాసిచ్చిన మందు ఒకటే: భయం వదిలెయ్. ఫర్హాన్ భయం వదిలేస్తే పోయేది నాన్న మెప్పు. రాజు భయం వదిలేస్తే పోయేది ఇంటి బియ్యం. రాజు భయాన్ని సినిమా వేళ్ళకున్న ఉంగరాలుగా, మూఢనమ్మకంగా చూపిస్తుంది. కానీ ఆ భయం మూఢనమ్మకం కాదు, కూడికలూ తీసివేతలూ. ఇంటర్వ్యూ చేసినవాళ్ళు వద్దని పంపించేసి ఉంటే? ఆ ప్రశ్న రాకుండా కథ తలుపేసేసుకుంది.

తమిళంలో 2014లో వచ్చి తర్వాత తెలుగులోకి డబ్ అయిన 'రఘువరన్ బీటెక్' ఈ విషయంలో ఇంకాస్త నిజాయితీగా ఉంటుంది, కనీసం ఇంటర్వెల్ దాకా. హీరో సివిల్ ఇంజనీర్. చేస్తే తన బ్రాంచ్ ఉద్యోగమే చేస్తానంటాడు, లేకపోతే ఖాళీగా ఉంటానంటాడు. తండ్రి తిడతాడు, తల్లి వెనకేసుకొస్తుంది. మనం అతని పట్టుదలకి చప్పట్లు కొడతాం. అయితే ఆ ఇంట్లో ఒక తమ్ముడున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి జీతం. అన్న ఎదురుచూడగలుగుతున్నాడంటే ఆ తమ్ముడు పొద్దున్నే ఆఫీసుకి పోతున్నాడు కాబట్టి. నచ్చిన పని దొరికేదాకా ఆగడం గుణం మాత్రమే కాదు, ఒక సదుపాయం కూడా. సినిమా ఆ తమ్ముణ్ణి అన్నకి ఎదురుపెట్టి నవ్విస్తుంది గానీ, వాడి జీతానికి ఒక్క దణ్ణమైనా పెట్టదు. చివరికి ఉద్యోగం వచ్చే దారి చూడండి: తల్లి చనిపోతుంది, ఆవిడ అవయవదానంతో బతికిన అమ్మాయి తండ్రికి కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఉంటుంది. అంతసేపు వాస్తవంగా నడిచిన కథ అదృష్టం చెయ్యి పట్టుకుని ఒడ్డెక్కింది.

'సినిమా అన్నాక ఇవన్నీ లెక్కపెడితే ఎలా, అది బ్యాంక్ స్టేట్‌మెంటా?' అని మీరనొచ్చు. న్యాయమే. కానీ నాటకీయత కావాలనుకునే రచయితకి అప్పుకన్నా మంచి సరుకు ఇంకేముంది? అప్పుకి గడువుంటుంది, సాక్షి ఉంటాడు, సంతకం ఉంటుంది.

ఒకసారి ఆ కాగితం ఎలా ఉంటుందో చూద్దాం. మన బ్యాంకుల ఎడ్యుకేషన్ లోన్ పద్ధతిలో సాధారణంగా 4 లక్షల దాకా తాకట్టు అడగరు. ఏడున్నర లక్షలు దాటితే ఇల్లో పొలమో పెట్టమంటారు. ఎంత తీసుకున్నా తల్లో తండ్రో పక్కన సంతకం పెట్టాల్సిందే, అంటే అప్పు వాళ్ళది కూడా. చదువు అయ్యేదాకా, ఆ పైన ఇంకో ఏడాది కట్టక్కర్లేదంటారు. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తూ ఉంటుంది. అమెరికాలో ఎమ్మెస్ కోసం ఒక కుర్రాడు 40 లక్షలు తీసుకున్నాడనుకోండి. వడ్డీ 11 శాతం, గడువు పదేళ్ళు వేసుకుంటే ఈఎమ్‌ఐ నెలకి 55 వేల పైమాటే. మొత్తం కట్టేది 66 లక్షలు. చదువుతున్నప్పుడు పేరుకున్న వడ్డీ దీనికి అదనం. అక్కడ చదువయ్యాక పనిచేసుకోడానికి 12 నెలలిస్తారు. సైన్స్, ఇంజనీరింగ్ వాళ్ళకైతే ఇంకో 24 నెలలు. ఆ తర్వాత హెచ్‌వన్‌బీ లాటరీ, ఏడాదికి 85 వేల వీసాలకి. అప్పుకి పదేళ్ళు, దాన్ని డాలర్లలో తీర్చుకునే హామీ మూడేళ్ళు. మిగతా ఏడేళ్ళ మాటేమిటో చెప్పే నవల నాకింకా కనబడలేదు.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు క్యాంటీన్‌లో అడిగాడు: "అన్నా, ఉద్యోగం మానేసి ఎడిటింగ్ నేర్చుకుందామనుకుంటున్నా, ఏమంటావ్?" లోన్ ఎంత మిగిలిందన్నాను. వాడి మొహం మాడిపోయింది. ఇలాంటి ప్రశ్న అడిగేది విలన్ నాన్నే అని సినిమాలు వాడికి నేర్పాయి మరి. కాసేపటికి ఫోన్ తీసి చూశాడు. పద్నాలుగు నెలలు. సంతకం ఎవరిదన్నాను. అమ్మది, కుట్టుమిషన్ మీద ఇల్లు నడుపుతుందట. ఇద్దరం కాగితం రుమాలు మీద లెక్కేశాం. కల చచ్చిపోలేదు, దానికో తేదీ వచ్చింది అంతే.

ఈ లెక్క మన సాహిత్యానికి తెలియనిదేం కాదు. మన ఆధునిక సాహిత్యం దాదాపు దీనితోనే మొదలైంది. 'కన్యాశుల్కం' అనగానే గిరీశం మాటకారితనం గుర్తొస్తుంది, మధురవాణి గుర్తొస్తుంది. ఒకసారి డబ్బు వైపు నుంచి చదవండి. తెర లేవగానే ఎవరున్నారు? పూటకూళ్ళమ్మ డబ్బు వాడేసుకుని ఊరొదిలి పారిపోవాలని చూస్తున్న మేష్టారు, పరీక్ష తప్పి ఇంటికెళ్ళడానికి భయపడుతున్న శిష్యుడు. ఒక అప్పు, ఒక బ్యాక్‌లాగ్. ఇద్దరూ కలిసి కృష్ణరాయపురం అగ్రహారం చేరతారు.

రెండో అంకంలో వెంకటేశం ఇంట్లో జరిగే గొడవ చూడండి. అగ్నిహోత్రావధాన్లుకి ఇంగ్లీషు చదువు ఖర్చు కంటగింపు. తమ వంశానికి ఆ చదువు అచ్చిరాదంటాడు. వెంకమ్మ తెలిసినవాళ్ళ కుర్రాడికి మునసబీ వచ్చిన సంగతి ఎత్తుతుంది. ఈ రోజు మన ఇళ్ళలో 'ఫలానావాళ్ళబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు' అనడం లాంటిదే అది. అక్కడితో ఆగదావిడ. మీకిష్టం లేకపోతే పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూమి అమ్మి చదివిస్తానంటుంది. చూశారా, తాకట్టు బయటికొచ్చింది. ఆడదాని పేరు మీద ఉన్న ఒక్క ఆస్తీ మగపిల్లాడి చదువుకి పందెంగా పెట్టబడింది. అదే ఇంట్లో, అదే తండ్రి, చిన్నకూతురు సుబ్బికి లుబ్ధావధాన్లు దగ్గర కుదుర్చుకున్న వెల పద్ధెనిమిది వందలు. కొడుకు మీద పెట్టుబడి, కూతురి మీద రాబడి. గురజాడ దీనిమీద ఉపన్యాసం ఇవ్వలేదు, రెండు లెక్కల్నీ ఒకే గదిలో పెట్టాడంతే. మనం నవ్వుతాం. వెంకటేశానికి చదువబ్బదని మనకి తెలుసు, వెంకమ్మకి తెలీదు. ఆ నవ్వు గొంతులో అడ్డం పడేది అందుకే.

నాటకం రెండో కూర్పు వచ్చింది 1909లో. వందేళ్ళు దాటాక వచ్చిన మన చదువుల కథల్లో వెంకమ్మలు కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు, టిఫిన్ బాక్సులు సర్దుతున్నారు, కొడుకుని వెనకేసుకొస్తున్నారు. వాళ్ళ భూమి ఏమైందో మాత్రం ఎవరూ చెప్పట్లేదు. నాన్నల్ని కూడా మనం తప్పుగానే రాస్తున్నామనిపిస్తుంది. 'ముందు సెటిలవ్వరా' అనే మాట ప్రతిసారీ అహంకారం కాదు. చాలాసార్లు అది షూరిటీ సంతకం పెట్టినవాడి నిద్రలేమి. ఈ సంగతి తెలిసిన రచయిత చేతిలో ఆ తండ్రి విలన్‌గా మిగలడు, కొడుకు ఉత్త వీరుడిగానూ మిగలడు. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టిన మనుషులవుతారు. వాళ్ళ మధ్య పోట్లాట అప్పుడింకా గట్టిగా ఉంటుంది, ఎందుకంటే ఇద్దరి వైపూ న్యాయం ఉంటుంది.

మనసుకి నచ్చింది చెయ్యమనే కథలు వద్దని నేననట్లేదు. అవి లేకపోతే మాలాంటి చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఆదివారాలు కూర్చుని ఇలా వ్యాసాలు కూడా రాసుకోరు. రాసేవాళ్ళని అడిగేది ఒక్కటే: మీ హీరో రాజీనామా ఇచ్చే సీన్లో, పక్కగదిలో ఆ లోను మీద సంతకం పెట్టిన మనిషి ఏం చేస్తోందో కూడా ఒక్క పేజీ రాయండి.