మెదకు చర్చి: కమానులు, రంగుటద్దములు

హైదరాబాదులోని బల్కంపేటలో ఎల్లమ్మతల్లిని దర్శింపగోరువారు నేలమట్టమునకు సుమారు పదియడుగుల దిగువన, బావిలో వెలసిన మూర్తిని తల వంచి చూడవలసియుండగా, అచ్చటినుండి బాలానగరు మీదుగా నర్సాపూరు బాట పట్టి మెదకు చేరినవారు సుమారు 175 అడుగుల ఘంటాగోపురమును మెడ రిక్కించి చూడవలసియుండును. ఆంగ్లదేశపు పల్లెచర్చి గోపురమునకును ఉద్దేశమదియే: పొలములోని సేద్యగాడు తలయెత్తినంతనే అది కానరావలెను, దాని గంట వానికి వినరావలెను.

అయితే ఆ దేశమున పల్లెచర్చి ఒక్క తరములో పుట్టినది కాదు. నార్మను ప్రభువుల కాలపు గుండ్రని కమాను ప్రక్కనే తరువాతి శతాబ్దుల మొనదేలిన కమాను నిలిచి, ఏ తాత కట్టినదానికి ఏ మనుమడు అతుకు వేసెనో గోడయే చెప్పుచుండును. మెదకు కట్టడమట్లు గాక, 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందినది. దీనికి పూనుకొన్న చార్లెస్ వాకర్ పోస్నెట్టు వెస్లియను అను క్రైస్తవశాఖకు చెందిన మిషనరీ. ఆడంబరము లేని ప్రార్థనశాలలకు పేరుపడిన ఆ శాఖవారు ఇంతటి గోథిక్ శైలి వైభవమును తలపెట్టుట నాకు నేటికిని వింతగనే తోచును. కరవు కాలమున ఊరివారికి పని కల్పించి అన్నము పెట్టవలెనను సంకల్పము ఈ రాళ్ల వెనుక నున్నదని మరువరాదు.

గోథిక్ పనితనమంతయు బరువును నడిపించుటలో నున్నది. గుండ్రని కమాను తన మోతను ప్రక్కలకు మిక్కుటముగా త్రోయును గనుక దానికి బలిసిన గోడలు కావలెను. మొనదేలిన కమాను అదే మోతను మరింత నిటారుగా స్తంభముల మీదికి దింపును. మిగిలిన తోపును వెలుపలి ఆనుడుకట్టలు అడ్డగింపగా, నడిమి గోడకు మోయుపని తగ్గి, అచ్చట కిటికీని ఎంత విశాలముగనైన తెరువవచ్చును. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గలిగి అయిదువేలమందికి చోటిచ్చు ఈ మందిరమునకు ప్రాణము ఆ కిటికీలే.

వానిని చిత్రించినవాడు ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ. 1927లో క్రీస్తు ఆరోహణము, 1947లో జననము, 1958లో సిలువ అమర్చబడినవి; కథాక్రమము వేరు, కిటికీల క్రమము వేరు! రంగుటద్దమనగా అద్దముపై పూసిన రంగని తలచుట పొరపాటు. గాజు కరగుచున్నపుడే లోహభస్మములు చేర్చి దానికి వర్ణము పట్టింతురు. చల్లారిన పలకను ఆకృతికి తగిన ముక్కలుగా కోసి, ముఖరేఖలను, వస్త్రపు మడతలను మాత్రము ముదురు లేపనముతో దిద్ది కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో కూర్తురు. ఆ సీసపు గీతయే బొమ్మకు రేఖ కూడ నగును. ఈ చిత్రము వెలుపలి వెలుగు లోనికి ప్రసరించినపుడే లోపలివారికి కానవచ్చును. రాత్రివేళ లోపల ఎన్ని దీపములు వెలిగించినను అది నల్లని పలకయే. ఆంగ్లదేశపు మబ్బుపట్టిన ఆకాశము క్రిందను సాగిన ఈ విద్యకు తెలంగాణపు ఎండ ఎంతటి కలిమియో వేరుగా చెప్పనేల?

ఈ నేలపై చర్చిని ఏ రీతిని కట్టవలెనను ప్రశ్నకు దోర్నకలు పట్టణములో వేరొక సమాధానము గలదు. భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య అచ్చట నిర్మింపజేసి 1939లో ప్రతిష్ఠించిన చర్చిలో గుమ్మటములు, మినారులు, మన దేవాలయపు పోకడ స్తంభములు కూడియున్నవి. నిర్మాణసాహసమునకు నేను దోర్నకలునే ముందు నిలుపుదును. వెలుగు చేయు పనిని చూడగోరువానిని మాత్రము మబ్బులేని దినమున, ప్రొద్దుండగనే, మెదకునకు పొమ్మందును.