గ్రామ్యదోషము - తెలంగాణపు నవీనచిత్రములు

కామారెడ్డి జిల్లాలోని డోంగ్లి తెలుఁగు, మరాఠీ, కన్నడము మూఁడు భాషలును వినవచ్చు సరిహద్దుసీమ. అచ్చటి మిత్రులొకరి యింట కె. లక్ష్మాగౌడు, తోట వైకుంఠముగార్ల చిత్రముల ప్రతికృతులు గల సంపుటములను జూచుచుండఁగా, ప్రక్కనున్న పండితుఁడొకఁడు నాలుగు పుటలు త్రిప్పి "ఇది గ్రామ్యము" అని యొక్కమాటతోఁ దీర్పు చెప్పెను. ఆయన అలంకారశాస్త్రమునఁ గృషి చేసినవాఁడు. కావున నా యాక్షేపమును ద్రోసివేయక, ఆయన శాస్త్రముతోడనే పరీక్షింపఁ దలఁచితిని.

ఆలంకారికులు గ్రామ్యమని దూషించినది పల్లెను గాదు, పల్లెయందలి వస్తువును గాదు. ఒకే కోరికను మొగముమీఁద ననినచో గ్రామ్యమనియు, మఱుఁగుపఱచి పలికినచో రసావహమనియు దండి కావ్యాదర్శమున విభజించి చూపినాఁడు. దోషము చెప్పుతీరునందేకాని చెప్పఁబడు దానియందు లేదు. హాలుని గాథాసప్తశతిలో పొలములు, పశువులు, ఊరి యువతులు, వారి రహస్యములు తప్ప మఱేమున్నవి? ఆనందవర్ధనుఁడు ధ్వనికి లక్ష్యములుగా నట్టి ప్రాకృతగాథలను గ్రహించుటకు సంకోచింపలేదు. ఆ గాథలను శిష్యులకు రుచి చూపించు మనము చిత్రమునందలి పల్లెను జూడఁగనే మొగము త్రిప్పుకొనుట వింతగానున్నది.

లక్ష్మాగౌడుగారు 1940లో మెదకు జిల్లా నిజాంపురమున జన్మించి, హైదరాబాదులోఁ జిత్రకళ నభ్యసించి, 1963-65 సంవత్సరములలో బడోదాయందుఁ గుడ్యచిత్రణమును ముద్రణకళను నేర్చిరి. లోహపు రేకుపై మైనపు పూత పూసి, సూదితో గీచి, ఆమ్లముచేఁ గొఱికించి, ఆ గంటులలో సిరా నింపి కాగితముపై నొత్తు పద్ధతిని ఎచ్చింగందురు. అది వారికిఁ బ్రధానసాధనమయ్యెను. తాటియాకుపై గంటముతో వ్రాసి మసి పూసిన మన లేఖకుల కీపద్ధతి మిక్కిలి దూరము గాదు. వారి తొలినాళ్ల ముద్రణములలో స్త్రీపురుషులు, మేకలు, చెట్లు, ఇండ్లగోడలు ఒకదాని నొకటి యల్లుకొని యుండును. మేక వెండ్రుకయు, చెట్టు బెరడును, మనుష్యుని చర్మమును నొకే సన్నని గీఁతలవలన నేర్పడును. మొదట మేకను జూచి, తరువాత మనుష్యుని జూచి, మరల మేకను జూచినచో రెండింటికిని నడుమ భేదము తఱిగిపోవును.

కోరిక ఈ చిత్రములలోఁ బాహాటముగానే యున్నది, కప్పిపుచ్చ నక్కఱలేదు. పండితునికి రోఁత పుట్టించినదియు నదియే. ఐనను ఆ కోరిక మనుష్యునియొద్ద నిలువక మేకకును, చెట్టునకును, గోడకును బ్రాఁకుచున్నది. వాచ్యమును దాఁచుట యొక్కటియే ధ్వని గాదు. వాచ్యము తనకంటె మిన్నయైనదానికి లోఁబడుట ధ్వని. ఇచ్చట వాచ్యము దేహము. వ్యంగ్యము ఆ పల్లెయందలి సమస్తజీవము. కొన్ని ముద్రణములయం దీ లోఁబాటు జరుగలేదు. అట్టివానియెడ పండితుని మాట నేనును ఒప్పుకొందును.

1942లో కరీంనగరు జిల్లా బూరుగుపల్లిలో జన్మించిన వైకుంఠముగారి విషయము దీనికి విపరీతము. పెద్ద కుంకుమబొట్టు, నగలు, మెఱయు ఎఱ్ఱచీర గల వారి స్త్రీమూర్తులను జూచి, ఇంతటి రంగు సహజమా యని పలువురడుగుదురు. బాల్యమున ఊరికి వచ్చిన నాటకములలోఁ బురుషులు స్త్రీవేషములు ధరించుట చూచి ముగ్ధుఁడనైతినని వారే చెప్పియున్నారు. ఆ మూలము తెలిసినచోఁ బ్రశ్న మాఱిపోవును. ఆ రంగు మేనిచాయ గాదు, ఆహార్యము. దానిని నాటకమును జూచు కన్నులతోఁ జూడవలెను. 'దాసి' (1988) చలనచిత్రమునకు గాను కళాదర్శకులుగా వారు జాతీయపురస్కార మందుటయు నీదృష్టితోఁ జూడఁగా నాశ్చర్యము గాదు.

కాని వారి తొలినాళ్ల బొగ్గుగీఁతల చిత్రములలోఁగల బరువు తరువాతి వర్ణచిత్రములు పెక్కింటియందు నాకుఁ గానరాదు. అదే బొట్టు, అదే చీర, అదే యోరచూపు! ప్రబంధములు ముదిరిన కాలమున నాయికావర్ణన యెట్టి స్థితికి వచ్చెనో యెఱిఁగినవారికిఁ దక్కినది చెప్పనక్కఱలేదు. పండితుఁ డిరువురను ఒక్కమాటతోఁ గొట్టివేసినాఁడు. నా యాక్షేపము వేఱు: వైకుంఠముగారి యీ చిత్రములలోఁ బల్లెతనము మితిమీఱుట గాదు, చాలకపోవుట లోపము. మెఱుఁగు పెట్టఁబెట్ట మట్టి రాలిపోయినది.

అచ్చు ప్రతికృతులలో గౌడుగారి సన్నగీఁతలు కలిసిపోయి మసియై కనఁబడును గనుక, మూలప్రతులు చూచినంగాని తీర్పు చెప్పరాదని పండితునితో నంటిని, ఆయన కాదనలేదు. సిద్దిపేట కాపు రాజయ్యగారు (1925-2012) నకాశీ పద్ధతినుండి గ్రహించిన వర్ణవిధానమును ఈ చర్చలోఁ జేరవలసినదే. కాని యది చేర్యాల పటముల చరిత్రతోఁ గూడ వేఱుగా వ్రాయఁదగినది.